పట్టా ఒకరిది, వాటాలు ఎందరివి?

2020 అక్టోబరు 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది మూడుచింతలపల్లిలో. అంతకుముందు శామీర్‌పేట మండలంలో ఉన్న ఊరు అది. ఇక భూమి ఎవరిదన్న తగాదా ఉండదని అప్పట్లో చాలామంది నమ్మారు. నాలుగున్నరేళ్లకు, 2025 ఏప్రిల్ 14న, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ మారింది, చట్టం మారింది. కానీ అంతాయిపల్లి కలెక్టరేట్‌కు ఫైళ్లు పట్టుకుని వచ్చే కుటుంబాల ప్రశ్న మాత్రం మారలేదు: పట్టాదారు కన్నుమూశాక ఈ భూమి ఎవరిది, ఎవరికెంత?

ఈ ప్రశ్నకు పాస్‌బుక్ జవాబు చెబుతుందనుకోవడమే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో సగం తగాదాలకు మూలమని నా అభిప్రాయం. పాస్‌బుక్ ఒక పేరు చెబుతుంది. ఆ పేరున్న మనిషికి భూమి ఎలా వచ్చిందో చెప్పదు. మన వారసత్వ చట్టాలన్నీ నడిచేది మాత్రం ఆ ‘ఎలా’ మీదే.

ఇది ఇక్కడే ఇంత బరువైన విషయం కావడానికి కారణం ధర. ముప్పై నలభై ఏళ్ల కింద ఇవి ద్రాక్షతోటలు, వరి మడులు, జొన్న చేలు. తర్వాత తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్, ఆపైన ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాయి. 2025 జనవరి 1న మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో మార్గాలు ప్రకటించారు. ఎకరాల్లో అమ్మిన నేలను గజాల్లో అమ్ముతున్నారు. ఒక గుంట అంటే 121 గజాలు. అన్నదమ్ములు గట్టు మీద నిలబడి నోటిమాటగా పంచుకున్నప్పుడు అక్కచెల్లెళ్ల వాటా ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఆ వాటా పది గుంటలే అయినా 1,210 గజాలు. గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

ఒక లెక్క చూద్దాం. ఊహించిన కుటుంబమే కానీ ఇలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తండ్రి పేరున నాలుగెకరాలు, అంటే 160 గుంటలు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి తల్లి ముందే పోయింది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. ఆ నాలుగెకరాలు ఆయన తన కష్టార్జితంతో కొన్నవైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ తలా 40 గుంటలు. అదే భూమి తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే ముందు తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు తలా 40 గుంటలకు హక్కుదారులు. తండ్రి వాటా 40 గుంటలే మళ్లీ నలుగురికి పదేసి చొప్పున వెళ్తాయి. పిల్లలకు 50 గుంటల చొప్పున, తల్లికి పది. మన ప్రాంతంలో తండ్రీపిల్లల పంపకంలో భార్యకు విడిగా భాగం పెట్టే ఆనవాయితీ లేదు కాబట్టి ఈ తేడా. అదే కుటుంబం ముస్లింలదైతే తల్లికి ఎనిమిదో వంతు, 20 గుంటలు. మిగిలిన 140లో కొడుకులకు 56 చొప్పున, కూతురికి 28. క్రైస్తవ కుటుంబమైతే తల్లికి మూడో వంతు, 53 గుంటలకు పైన. మిగిలింది పిల్లలకు సమానంగా.

పాస్‌బుక్ నాలుగు చోట్లా ఒకటే. అదే పేరు, అదే సర్వే నంబరు, అదే విస్తీర్ణం. తల్లి వాటా మాత్రం 10, 20, 40, 53 గుంటలు. వీలునామా సంగతీ అంతే. కొన్న భూమిని హిందూ తండ్రి 160 గుంటలూ తనకు నచ్చినవారికి రాయవచ్చు. ఉమ్మడి ఆస్తిలో తన 40 గుంటలే రాయగలడు. ముస్లిం తండ్రి వీలునామాతో ఇవ్వగలిగింది మూడో వంతు మాత్రమే. వారసుల్లో ఒకరికి రాస్తే దానికి మిగతావారి సమ్మతి కూడా కావాలి.

‘తాత ఆస్తి కాబట్టి మనవడికి పుట్టుకతోనే హక్కు’ అనే మాట ఊళ్లలో గట్టిగా వినిపిస్తుంది. అది అన్నిసార్లూ నిజం కాదు. తాత సొంతంగా సంపాదించిన భూమి, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోయినందువల్ల కొడుక్కి వచ్చిందనుకోండి. ఆ భూమి కొడుకు చేతిలో సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చందర్‌సేన్ కేసులో తేల్చింది. కాబట్టి భూమి తాతదా కాదా అని అడిగితే చాలదు. తాతకు ఎలా వచ్చింది, ఆయన ఎప్పుడు పోయాడు, అప్పటికి పంపకం జరిగిందా అని అడగాలి.

ఇక ఆ ‘ఎలా’ అనే దానికి మన ప్రాంతంలో ఉన్నన్ని రకాలు బహుశా మరెక్కడా ఉండవు. నిజాం కాలపు జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద 1973 నుంచి వాళ్లకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. కాగితం చేతికి వచ్చినా పహాణీ అనే సాగు రికార్డులో పాత పట్టాదారు పేరు అలాగే ఉండిపోయిన చోట్ల రెండు కుటుంబాలు వారసత్వం అడుగుతాయి. ఒకరు పట్టాదారు మనవలు, మరొకరు కౌలుదారు మనవలు. రెండు చేతుల్లోనూ ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితమే. ఇనాం భూములది వేరే కథ. 1955 చట్టంతో ఇనాంలు పోయాయి. సాగులో ఉన్నవారు స్వాధీన హక్కు పత్రం, జనం నోట ఓఆర్‌సీ, తెచ్చుకోవాలి. తండ్రి తెచ్చుకోకపోతే కొడుకు చేతికి వచ్చేది హక్కు కాదు, హక్కు అడిగే అవకాశం మాత్రమే.

అసైన్డ్ భూమి, మన పెద్దల మాటల్లో లావణి పట్టా, ఇంకో మెలిక. 1958 తర్వాత నిరుపేదలకు ఇచ్చిన ఈ పట్టాల్లో భూమి పిల్లలకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదన్న షరతు ఉంటుంది. 1977 చట్టం ఆ అమ్మకాలను చెల్లనివిగా ప్రకటించింది. తండ్రి అవసరానికి తెల్లకాగితం మీద అమ్మేసి ఉంటే కొన్నవారి పిల్లలకు వారసత్వంగా దక్కేది ఏమీ లేదు. అమ్మినవారి పిల్లలకూ ఆ భూమి సులువుగా తిరిగి రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. నగరం దగ్గరి ఊళ్లలో దళిత కుటుంబాలు ఇలా రెండు తరాలు నష్టపోవడం ఈ మొత్తం విషయంలో నన్ను అన్నిటికన్నా బాధించే సంగతి.

శామీర్‌పేట మండలంలోని దేవరయాంజాల్ సంగతి అందరూ ఎరిగిందే. అక్కడి సీతారామచంద్రస్వామి ఆలయానికి చెందినవిగా చెప్పే 1,521 ఎకరాల మీద 2021 మేలో ప్రభుత్వం ఐఏఎస్ అధికారులతో విచారణ సంఘం వేసింది. తరతరాలుగా ఉంటున్నామనేవాళ్లు, కొని గోదాములు కట్టుకున్నవాళ్లు, దేవాదాయ శాఖ అందరూ తమ తమ రికార్డులు చూపారు. దేవుడి భూమి అని తేలిన చోట ఎంత పక్కాగా రాసిన వీలునామా అయినా నిలవదు. తండ్రికి లేని హక్కు కొడుక్కి రాదు.

ఆ సూత్రం మరిచిపోయినందువల్ల వచ్చిన చిక్కు ఇంకొకటి ఉంది, మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లకు బాగా తెలిసినది. 1980లు, 90లలో రైతులు పొలాలను వెంచర్లుగా మార్చి గజాల్లో అమ్మేశారు. కొన్నవాళ్లు సబ్ రిజిస్ట్రార్ దగ్గర సేల్ డీడ్ చేయించుకుని పెట్టెలో దాచుకున్నారు. రెవెన్యూ రికార్డులో అది వ్యవసాయ భూమిగానే, పాత రైతు పేరునే ఉండిపోయింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు ఆ పేరుకే కొత్త పాస్‌బుక్ వచ్చిన చోట్లున్నాయి. రైతు పోయాడు, విరాసత్ (వారసత్వ నమోదు) కింద కొడుకుల పేరెక్కింది, వాళ్లు అదే భూమిని ఎకరాల్లో మళ్లీ అమ్మారు. ఉద్యోగం నుంచి రిటైరై, దాచుకున్న ప్లాటులో ఇల్లు కట్టుకుందామని వచ్చిన వ్యక్తికి ప్రహరీ గోడ ఎదురైంది. ఆ కొడుకులకు వారసత్వంగా రావలసిన భూమే లేదు. అయినా దాన్ని రుజువు చేయడానికి ప్లాటు కొన్నవాళ్లు సివిల్ కోర్టు మెట్లు ఎక్కుతున్నారు. ముటేషన్ (రికార్డులో పేరు మార్పు) వల్ల హక్కు రాదని, అది పన్ను వసూలుకు పనికొచ్చే నమోదేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. వీలునామా ఆధారంగా హక్కు అడిగేవారు తేల్చుకోవలసింది సివిల్ కోర్టులోనే అని 2021లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో మళ్లీ చెప్పింది.

విరాసత్ నమోదు పద్ధతి ఎలా మారిందో ఇక్కడే చూడాలి. పాత 1971 నాటి పాస్‌బుక్కుల చట్టం కింద వీఆర్వో ఊళ్లో విచారించేవాడు. అందులో అవినీతి ఉండేది, ఎవరూ కాదనరు. అయినా ఫలానావాళ్లకు నిజామాబాద్‌లో ఇచ్చిన కూతురు ఒకతె ఉందని ఊళ్లో ఎవరో ఒకరికి తెలిసేది. 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు; అదే ఏడాది వచ్చిన కొత్త పాస్‌బుక్కుల చట్టం, వారసులంతా కలిసి ఒప్పంద పత్రం ఇస్తే తహసీల్దారు నమోదు చేసేలా పెట్టింది. ఒప్పందం కుదిరితే పని త్వరగా అయ్యేది. కుదరకపోతే కోర్టే దిక్కు. అసలు లోపం ఏమిటంటే, వారసులెవరో చెప్పేది దరఖాస్తు పెట్టినవాళ్లే. జాబితాలో లేని కూతురు ఆఫీసు దృష్టిలో లేనట్టే. ధరణి పహాణీలో అనుభవదారు గడి కూడా పోయింది. భూభారతి చట్టం తహసీల్దారు విచారణను మళ్లీ తెచ్చింది. కుటుంబసభ్యులకు నోటీసులివ్వాలి, వీలునామా లేదా వారసత్వం ఆధారంగా 30 రోజుల్లో తేల్చాలి. పైన ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు ఉంది. ఇది ముందడుగే. కానీ ఆ నోటీసు అత్తవారింట ఉన్న ఆడబిడ్డ చేతికి నిజంగా అందుతుందా అన్నదాని మీదే దీని విలువ ఆధారపడి ఉంటుంది. గడువు లెక్క కోసం విచారణను కాగితాల మీద ముగిస్తే ధరణికీ దీనికీ తేడా ఉండదు.

సాదా బైనామాల బాధితులను కూడా మరవకూడదు. 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొన్న చిన్న రైతులు 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు పెట్టుకున్నారు. వాళ్లలో కొందరు క్రమబద్ధీకరణ చూడకుండానే పోయారు. వాళ్ల పిల్లలకు వారసత్వంగా వచ్చింది మీసేవ రశీదు.

ఆడపిల్లల హక్కు విషయంలో మన తెలుగు నేల దేశంకన్నా ముందు నడిచిందని గుర్తు చేసుకోవాలి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందు పెళ్లయినవారిని వదిలేసింది. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలు మాత్రం కదలవు. నోటి పంపకం జరిగిందంటే కోర్టు సులువుగా నమ్మదు, దానికి బలమైన ప్రభుత్వ రికార్డు తోడుండాలి.

ఈ తీర్పుల తర్వాత బిల్డర్లు డెవలప్‌మెంట్ అగ్రిమెంటుకు వచ్చినప్పుడు ముందు అడిగేది ఆడపిల్లల సంతకాలు. దురదృష్టమేమిటంటే చాలా ఇళ్లలో వాటా మాట ఎత్తేది ఆ సంతకం కావలసినప్పుడే. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చాం కదా అంటారు. పెళ్లినాడు పెట్టింది వాటాకు బదులు కాదని చట్టం, న్యాయం రెండూ చెబుతాయి. చెల్లెలు ఇష్టపడి వదులుకుంటే రిలీజ్ డీడ్ రాయించాలి, దాన్ని రిజిస్టరు చేయాలి. ఆమెకు ఎన్ని గుంటల హక్కు ఉందో, దాని ధర ఎంతో చెప్పకుండా తీసుకున్న సంతకాన్ని నేను ఇష్టం అనలేను.

ప్లాట్లు, ఫ్లాట్ల విషయానికొస్తే చిక్కులు వేరు. కొంపల్లిలో, గుండ్లపోచంపల్లిలో భార్యాభర్తలు కలిసి ఫ్లాటు కొంటారు. ఒకరు పోతే మిగిలినవారికే అంతా వస్తుందని అనుకుంటారు. అమెరికాలో ఇల్లు కొన్న మన పిల్లలకు అక్కడి పద్ధతి వల్ల ఈ నమ్మకం ఇంకా బలంగా ఉంటుంది. ఇక్కడ మామూలు సేల్ డీడ్‌లో అలా ఉండదు. భర్త సగం ఆయన వారసులందరికీ పోతుంది: భార్యకు, పిల్లలకు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా. నామినీ పేరు రాశాం కదా అనుకోవడమూ పొరపాటే. నామినీకి అందేది అప్పగింత, యాజమాన్యం కాదు. అక్కడి ట్రస్టు పత్రాలు, అక్కడి వీలునామా శామీర్‌పేట ప్లాటుకు తమంతట తాము వర్తించవు. స్థిరాస్తి వారసత్వం ఆ నేల ఉన్న చోటి చట్టం ప్రకారమే. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అమ్మేటప్పుడు ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్న ప్లాట్లది అన్నిటికన్నా బలహీన స్థితి. జీపీఏతో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ తీర్పు స్పష్టం చేసింది. ఇచ్చినవాడు పోతే మామూలు జీపీఏ కూడా పోతుంది. కాబట్టి అమ్మినవాడు బతికుండగానే సేల్ డీడ్ చేయించుకోవాలి. ఇప్పటికీ నోటరీ జీపీఏతో ప్లాటు ఉన్నవాళ్లు ఇది చదివాకైనా కదలాలని కోరుతున్నాను. పంచాయతీ లేఅవుట్లలో కొన్నవాళ్లు 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) దరఖాస్తు రశీదును కూడా సేల్ డీడ్‌తో కలిపి ఉంచాలి. పిల్లలకు అది ఉన్నట్టే తెలియక ఇబ్బంది పడతారు.

ఆడవాళ్ల పేరున ఉన్న ఆస్తి గురించి విడిగా చెప్పాలి. నమ్మకంతో భార్య పేరున కొనడం మామూలే. ఆమె తన జీతంతో కొన్నదీ ఉంటుంది. పిల్లలు లేని హిందూ వితంతువు వీలునామా లేకుండా పోతే ఆమె సొంత సంపాదన సైతం ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. ఆమెను చదివించి సాకిన పుట్టింటివారు ఆ తర్వాతే. పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుని, అత్తవారు వెళ్లగొడితే పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ ఆస్తిని కూడా అత్తింటి వైపుకే ఇవ్వక తప్పదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లోని ఈ వరసను పార్లమెంటు మార్చాలి. మార్చేదాకా ఆడవాళ్లు వీలునామా రాయడం ఒక్కటే దారి.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేస్తే మంచిది. హిందూ, క్రైస్తవ వీలునామాకు ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. వారిలో కనీసం ఒకరు రేపు కోర్టులో నిలబడగలగాలి కాబట్టి రాసేవారికన్నా చిన్నవాళ్లను పెట్టుకోవడం తెలివైన పని. గిఫ్ట్ డీడ్ వీలునామాలాంటిది కాదు. రిజిస్టరైన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది. కొడుకు పేరున ఇల్లు రాసి, ఆ ఇంట్లోనే చోటు లేకుండా పోయిన తల్లిదండ్రుల కోసం 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషిస్తామన్న షరతు మీరితే గిఫ్ట్‌ను రద్దు చేయించవచ్చు. ఆ షరతు రుజువు కావాలని 2022లో, చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా చదవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాయవలసి వస్తే ఆ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. రైతు కుటుంబాలకు నేను మొదట సూచించేది మాత్రం ఈ రెండూ కాదు. తండ్రి బతికుండగా, కూతుళ్లను కూడా కూర్చోబెట్టి, సర్వే చేయించి రిజిస్టరు చేసుకునే భాగపంపిణీ దస్తావేజు. అది లేకుండా రోడ్డుకో మెట్రోకో భూమి పోయినప్పుడు వారసులు తగాదాలో ఉంటే పరిహారం వాళ్ల చేతికి రాదు, తగాదా తేలేదాకా డిపాజిట్‌లో ఉండిపోతుంది.

ప్రభుత్వానికి ఒక విన్నపం ఉంది. పాత 1-బి హక్కుల రికార్డులో భూమి ఎలా సంక్రమించిందో రాసే గడి ఉండేది. భూభారతి పాస్‌బుక్కులో అది ప్రతి సర్వే నంబరుకూ, ఆధార పత్రం నంబరుతో సహా కనిపించాలి. కొన్నదా, తాతలదా, అసైన్డా, 38-ఇనా, ఇనామా అన్నది ఆ పుస్తకం తెరిచిన కూతురికి కూడా తెలియాలి. ఆ గడి వచ్చేదాకా ఆ పని పట్టాదారులదే. మీ పేరున ఉన్న ప్రతి సర్వే నంబరు ఎదురుగా అది మీకు ఎవరి నుంచి, ఏ సంవత్సరంలో, ఏ కాగితంతో వచ్చిందో సొంత చేతిరాతతో రాసి, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, కాస్రా పహాణీ నకలు జతచేసి, కొడుకులకూ కూతుళ్లకూ ఒక్కో ప్రతి ఇవ్వండి. వీలునామా కోసం వకీలు దగ్గరకు వెళ్లేది ఆ తర్వాతే.